కన్సైనర్ గడిలో ఎవరి పేరు రాయించాలి?

ఒడిశాలోని గుణుపురం నుంచి వచ్చిన ప్రశ్న ఇది. నాన్నగారి వ్యాపారాన్ని ఈమధ్యే చేతిలోకి తీసుకున్న కుర్రాడు అడిగాడు. చుట్టుపక్కల ఊళ్లలో జీడిపిక్కలు కొని పలాస ఫ్యాక్టరీలకు పంపుతాడు. చింతపండు పార్వతీపురం, విజయనగరం కమిషన్ కొట్లకు వేస్తాడు. లారీ ఆఫీసులో ఎల్‌ఆర్ (లారీ రసీదు) రాసే గుమస్తా ప్రతిసారీ "కన్సైనర్ ఎవరండీ?" అంటాడు. ఒకసారి తన పేరు చెప్పాడట, ఒకసారి సరుకు అమ్మిన కాశీనగరం వ్యాపారి పేరు రాయించాడట, ఇంకోసారి గుమస్తాయే రైతు పేరు రాసేశాడట. ఆడిటర్ ఒకటి చెప్తే పలాస పార్టీ ఇంకొకటి చెప్తోంది. "ఇంతకీ కన్సైనర్ అంటే సరుకు ఓనరా, అమ్మినవాడా, లోడ్ చేయించినవాడా, కిరాయి కట్టేవాడా? తప్పు పేరు రాస్తే ఏమవుతుంది?" అన్నది ప్రశ్న. షిప్పర్ అన్న మాట ఎక్కడ వాడాలి, సరుకు తడిసినా తగ్గినా ఏం చేయాలి అని కూడా అడిగాడు.

నేను పర్లాకిమిడిలో చాలా ఏళ్లు లారీ బుకింగ్ ఆఫీసులో ఎల్‌ఆర్‌లు రాసినవాణ్ని. ఇప్పుడు వ్యాపారులకు బిల్లులు, ఈ-వే బిల్లులు (సరుకు కదిలేముందు జీఎస్టీ పోర్టల్‌లో చేసే రవాణా కాగితాలు) చేసిపెడుతున్నాను. కాబట్టి ఈ గడికి రెండు వైపులా కూర్చున్న అనుభవం ఉంది.

ముందు సూటిగా చెప్తాను. కన్సైనర్ అంటే రవాణావాళ్లకు సరుకు అప్పగించినవాడు, లేదా ఎవరి తరఫున అప్పగించారో ఆ మనిషి. అంతే. అతను ఓనరే అయి ఉండాలని లేదు, అమ్మినవాడే కానక్కర్లేదు, కిరాయి కూడా అతనే కట్టాలని లేదు. చాలా లోడ్లకు ఈ నాలుగూ ఒకే మనిషి అవుతారు కాబట్టి మనకు తేడా తెలియదు. మీ లోడ్లలో వేర్వేరు మనుషులు అవుతున్నారు, అందుకే మీకు ఈ తలనొప్పి.

ఇది నా సొంత అర్థం కాదు. రోడ్డు రవాణాకు 2007లో వచ్చిన క్యారేజ్ బై రోడ్ చట్టం ఇదే మాట చెప్తుంది. 1865 నాటి పాత క్యారియర్స్ చట్టం స్థానంలో ఇది వచ్చింది, 2011 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. గూడ్స్ ఫార్వర్డింగ్ నోట్‌లో (సరుకు పంపేవాడు రాసిచ్చే వివరాల కాగితం) కన్సైనర్ అని ఎవరి పేరుందో, ఎవరిచేత గానీ ఎవరి తరఫున గానీ సరుకు క్యారియర్‌కు, అంటే రవాణావాళ్లకు, అప్పగించబడిందో అతనే కన్సైనర్ అని నిర్వచనం. 1989 రైల్వే చట్టంలోనూ దాదాపు ఇదే, కాకపోతే అక్కడ రైల్వే రసీదులో పేరుండాలి. అంటే రెండు షరతులు కలవాలి: కాగితం మీద పేరు, సరుకు అప్పగింత. సరుకు అప్పగించింది మీరైనా కాగితం మీద వేరే పేరుంటే, తేడా వచ్చిన రోజున "మీరెవరు?" అని అడుగుతారు.

కన్సైనీ అంటే ఎవరి పేరు మీద సరుకు వెళ్తుందో వాళ్లు. ఈ రెండూ వినడానికి ఒకేలా ఉంటాయని మా ఆఫీసులో కొత్త కుర్రాళ్లు గడులు తారుమారు చేసేవాళ్లు. వాళ్లకు నేను ఒకటే చెప్పేవాణ్ని: బ్యాంకులో నామినీ ఉన్నాడు కదా, పుచ్చుకునేవాడు, కన్సైనీ కూడా అలాంటివాడే. ఆ తర్వాత తారుమారు చేసినవాళ్లు తక్కువ. మన సరిహద్దు ఆఫీసుల్లో ఈ ఇంగ్లీషు మాటలు నోటితో ఎవరూ అనరు, బుకింగ్ పార్టీ, డెలివరీ పార్టీ అంటారు. ఒడియా గుమస్తా అయితే ఎల్‌ఆర్‌ను బిల్టీ అంటాడు, పాతపట్నం దాటితే వేబిల్లు అంటారు. ఏ పేరుతో పిలిచినా కాగితం ఒకటే. హమాలీలు లారీకి ఎక్కించడాన్ని ఎగుమతి, దించడాన్ని దిగుమతి అంటారు కదా, ఆ ఎగుమతి విని తను ఎక్స్‌పోర్టర్‌నేమో అనుకుని జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో ఆ గడికి టిక్కు పెట్టిన ఆయన్ని కూడా చూశాను.

ఇక ఆ పేరుతో పాటు నెత్తిన ఏం పడుతుందో చూడండి. అసలు విషయం ఇక్కడే ఉంది.

కన్సైనర్ ఫార్వర్డింగ్ నోట్ రాసి ఇవ్వాలి. అందులో సరుకు విలువ, ప్రమాదకరమైన సరుకైతే ఆ సంగతి చెప్పాలి. ఇచ్చిన వివరాలు సరైనవేనన్న బాధ్యత కన్సైనర్‌దే, తప్పు వివరాల వల్ల క్యారియర్‌కు నష్టం వస్తే దాన్ని పూడ్చాల్సిందీ అతనే. మన దగ్గర ఈ నోట్‌ను ఎవరూ విడిగా రాయరు. గుమస్తా ఎల్‌ఆర్ మీదే అన్నీ గీకేసి సంతకం పెట్టించుకుంటాడు. ఆ సంతకం పెట్టేముందు ఒక్కసారి కిందికి చూడండి. విలువ గడి ఖాళీగా ఉంటుంది, లేదా "యాజ్ పర్ ఇన్‌వాయిస్" అని ఉంటుంది, ఇన్‌వాయిస్ నంబరు మాత్రం ఉండదు. సరుకు దగ్గర "బ్యాగ్స్" అని ఉంటుంది, జీడిపిక్కలా, పప్పా, ఎన్ని కేజీల బస్తా అన్నది ఉండదు. పలాసలో జీడిపిక్కల లెక్క 80 కేజీల బస్తా మీద నడుస్తుంది, మన వైపు రైతు దగ్గర ఏ గోనె దొరికితే దాంట్లో నింపుతారు. బస్తాల సంఖ్య ఒక్కటే రాసి బరువు రాయకపోతే, అక్కడ కాటా తక్కువ వచ్చినప్పుడు మీ చేతిలో ఏమీ ఉండదు. సరుకు పుచ్చుకున్నాక క్యారియర్ ఇచ్చే రసీదులో బరువు, కొలత, మిగతా వివరాలు ఏముంటే అవే మొదటి సాక్ష్యం అని చట్టం. కాబట్టి మన ఊరి కాటా చీటీ నంబరు ఎల్‌ఆర్ మీద వేయించండి. గుమస్తా విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

విలువ ఎందుకు రాయాలంటే, నష్టపరిహారానికి పరిమితి ఉంది. 2011 నాటి నియమాల ప్రకారం, ఎక్కువ రిస్క్ రేటు కట్టడానికి మీరు ముందే ఒప్పుకుని ఉంటే తప్ప, క్యారియర్ బాధ్యత కిరాయికి 10 రెట్ల వరకే, అదీ మీరు ప్రకటించిన విలువ దాటకుండా. మనది దగ్గర దారి, కిరాయి తక్కువ. గుణుపురం నుంచి పలాసకు బస్తాల కిరాయి 10తో గుణించి చూసుకోండి, ఆ లోడు ధరలో ఏ మూలకు వస్తుందో మీకే తెలుస్తుంది. అందుకే ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోమంటాను. ప్రతి లోడుకీ విడిగా కాదు, సీజనుకు సరిపడా ఓపెన్ పాలసీ అడగండి.

"ఎట్ ఓనర్స్ రిస్క్" అని ఎల్‌ఆర్ నెత్తిన ఎర్ర అక్షరాల్లో కొట్టి ఉంటుంది కదా, దాన్ని చూసి నష్టమంతా మనదే అనుకుని ఊరుకునేవాళ్లు చాలామంది. క్యారియర్ అజాగ్రత్త వల్ల సరుకు పోతే ఆ ముద్ర అతన్ని కాపాడదని సుప్రీంకోర్టు 2000లోనే, పాత చట్టం కింద నడిచిన కేసులో, తేల్చింది. ముద్ర సంగతి పక్కన పెట్టి కాగితాలు సరిగా ఉంచుకోండి.

ఇప్పుడు మీ అసలు చిక్కు, కాశీనగరం లోడు. మీరు అక్కడి వ్యాపారి దగ్గర జీడిపిక్కలు కొంటారు. సరుకు గుణుపురం తెచ్చి దించి మళ్లీ ఎక్కిస్తే రెండు హమాలీలు, రెండు కిరాయిలు. కాబట్టి అతని గోడౌన్ నుంచే లారీ ఎత్తించి నేరుగా పర్లాకిమిడి, టెక్కలి మీదుగా పలాస పంపేస్తారు. సరుకు అమ్మకాలు రెండు, ప్రయాణం ఒకటి. లారీ ఎక్కించింది కాశీనగరం వ్యాపారి హమాలీలు. లారీ మాట్లాడింది మీరు. కొన్నది పలాస పార్టీ.

జీఎస్టీలో దీన్ని బిల్ టు, షిప్ టు అంటారు, బిల్లు ఒకరికి, సరుకు ఇంకొకరికి అని. ఇన్‌వాయిస్‌లు రెండు ఉండాలి. కాశీనగరం వ్యాపారి మీకు ఇచ్చేది ఒకటి. సరుకు ఆంధ్రాకు వెళ్తున్నా, అతను అమ్మింది మీకు, మీ రిజిస్ట్రేషన్ ఒడిశాది, కాబట్టి అది రాష్ట్రం లోపలి అమ్మకమే, సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) వేస్తాడు. మీరు పలాస పార్టీకి ఇచ్చేది రెండోది, రాష్ట్రం దాటే అమ్మకం కాబట్టి దాని మీద ఐజీఎస్టీ. ఈ-వే బిల్లు మాత్రం ఒక్కటి చాలు. 2018 ఏప్రిల్ 23న కేంద్రం దీనిమీద వివరణ ఇచ్చింది: కాశీనగరం ఆయన గానీ మీరు గానీ ఎవరో ఒకరు చేస్తే సరిపోతుంది.

ఎవరు చేస్తే మంచిది అంటే, నా సలహా మీరే చేయండి. బిల్ ఫ్రమ్ దగ్గర మీ పేరు, మీ జీఎస్టీ నంబరు. డిస్పాచ్ ఫ్రమ్ దగ్గర కాశీనగరం గోడౌన్ అడ్రసు, పిన్ కోడ్. బిల్ టు, షిప్ టు రెండూ పలాస పార్టీ. ఇన్‌వాయిస్ నంబరు మీరు ఇచ్చిన రెండోది. ఎల్‌ఆర్ మీద కన్సైనర్ మీరు, లోడింగ్ పాయింట్ కాశీనగరం, కన్సైనీ పలాస పార్టీ. ఎక్కించింది మీ మనుషులు కాకపోయినా, అప్పగింత మీ తరఫున జరిగింది కాబట్టి నిర్వచనానికి ఇది చక్కగా సరిపోతుంది.

కాశీనగరం ఆయన్నే ఈ-వే బిల్లు చేయమంటే ఇంకో చిక్కు ఉంది. అందులో మీరు కొన్న ధర ఉంటుంది. ఆ కాగితం డ్రైవరు చేతిలో పలాస వెళ్తుంది. మీ మార్జిన్ ఎంతో పార్టీకి తెలిసిపోతుంది, ఆ తర్వాతి లోడుకు బేరం ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. చాలామంది వ్యాపారులు కన్సైనర్ గడి గురించి ఆలోచించడం మొదలుపెట్టేది ఈ దెబ్బ తగిలాకే, చట్టం చదివి కాదు.

ఇలా గోడౌన్ ఆయన పేరు కన్సైనర్‌గా రాసిన లోడు ఒకటి నా కళ్ల ముందే చెడింది. మాకు తెలిసిన ఒక వ్యాపారి మీలాగే వేరేవాళ్ల గోడౌన్ నుంచి ఎత్తించాడు. ఎల్‌ఆర్ మీద గోడౌన్ ఆయన పేరే పడింది, ఎందుకంటే గుమస్తా వెళ్లింది అక్కడికి, ఎదురుగా కనిపించింది ఆయన. దారిలో వాన. టార్పాలిన్ మధ్యలో చిరుగు ఉంది, దానికి తాడు కట్టి సర్దారు. పై రెండు వరసలూ తడిసి, గోనెలకు బూజు వాసన పట్టి ఫ్యాక్టరీకి చేరాయి. ఫ్యాక్టరీవాళ్లు డెలివరీ కాపీ మీద తడిసిన బస్తాల సంఖ్య రాసి సంతకం పెట్టి, ఆ బస్తాల డబ్బు కోసేశారు. నష్టపోయింది మధ్యలో ఉన్న వ్యాపారి. క్లెయిమ్ రాస్తే ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లు "మా కాగితంలో మీ పేరే లేదు, కన్సైనర్‌తో రాయించండి" అన్నారు. కన్సైనర్‌గా ఉన్న గోడౌన్ ఆయనకు డబ్బు ఎప్పుడో ముట్టింది. నాకెందుకీ గొడవ, రేపు జీఎస్టీవాళ్లు నన్ను అడిగితే అని సంతకానికి వెనకాడాడు. సరుకు సొంతదారుగా దావా వేసే హక్కు ఆ వ్యాపారికి లేకపోలేదు. కానీ ఆ హక్కు నిరూపించుకోవడానికి ఇన్‌వాయిస్‌లు, బ్యాంకు కాగితాలు, వాంగ్మూలాలు అన్నీ పోగేయాలి. పేరు సరిగా ఉంటే ఒక్క ఉత్తరంతో మొదలయ్యే పని అది.

రైతు దగ్గర నేరుగా కొన్న సరుకు సంగతి వేరు. రైతుకు జీఎస్టీ నంబరు ఉండదు. రిజిస్ట్రేషన్ లేనివాడు రిజిస్టర్డ్ వ్యాపారికి అమ్మి, కొనేవాడెవరో ప్రయాణం మొదలయ్యేటప్పటికే తెలిసి ఉంటే, ఆ సరుకును కదిలించింది కొన్నవాడే అని నియమం. కాబట్టి రైతు కళ్లం నుంచి మీ గోడౌన్‌కు వచ్చే లోడు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు మీరే చేయాలి, పంపినవాడి నంబరు గడిలో యూఆర్‌పీ (రిజిస్ట్రేషన్ లేనివాడు) అని కొట్టాలి. రైతు దగ్గర కొన్న జీడిపిక్కల మీద పన్ను కూడా మీరే రివర్స్ చార్జీలో, అంటే అమ్మినవాడికి బదులు కొన్నవాడిగా, కట్టాలి. గుమస్తా ఎల్‌ఆర్ మీద రైతు పేరు రాసేశాడన్నారు కదా, రైతు నుంచి మీ గోడౌన్ వరకే అయితే అది తప్పు కాదు. అదే లారీ మీ గోడౌన్‌లో ఆగకుండా పలాస వెళ్తే మాత్రం రైతు పేరు వద్దు. పాపం ఆయన ఫార్వర్డింగ్ నోట్‌కు, సరుకు వివరాలకు జవాబుదారీ అవుతాడు, ఆయనకు ఆ సంగతే తెలియదు.

చింతపండుకు ఈ గొడవ చాలావరకు లేదు. ఎండు చింతపండు మీద పన్నును 2019 అక్టోబర్ నుంచి తీసేశారు, పన్ను లేని సరుకుకు ఈ-వే బిల్లు అక్కర్లేదు. బిల్ ఆఫ్ సప్లై (పన్ను లేని సరుకుకు ఇచ్చే బిల్లు), ఎల్‌ఆర్ చాలు. కానీ చింతపండు దగ్గర కన్సైనర్ అన్న మాటకు రెండో అర్థం వస్తుంది, మీ నాన్నగారికి ఇది బాగా తెలిసే ఉంటుంది.

కమిషన్ కొట్టుకు సరుకు వేయడం అమ్మకం కాదు. విజయనగరం కొట్టువాళ్లు మీ దగ్గర కొనలేదు. మీ సరుకు వాళ్ల కొట్టులో పెట్టి, మీ తరఫున అమ్మి, కమిషన్, హమాలీ, కాటా కూలి పట్టుకుని మిగిలింది పంపుతారు. అమ్మకం పట్టీ, అంటే కొట్టువాళ్లు పంపే అమ్మకం లెక్క, వచ్చేదాకా ఆ చింతపండు మీదే. ధర పడిపోతే నష్టం మీది, పెరిగితే లాభం మీది. లెక్కల పుస్తకాల్లో కన్సైన్‌మెంట్ అకౌంట్ అని చదివి ఉంటారు, అక్కడ కన్సైనర్ అంటే ఇలా సొంతదారుగానే ఉండి అమ్మకానికి పంపినవాడు. వేలం సంస్థలకు పాత నగలో, బొమ్మలో అమ్మిపెట్టమని ఇచ్చేవాళ్లను కూడా కన్సైనర్ అనేది ఈ అర్థంలోనే. అంటే రవాణాలో కన్సైనర్ ఓనర్ కానక్కర్లేదు, కమిషన్ అమ్మకంలో కన్సైనర్ ఓనరే. మీ ఆడిటర్‌కూ లారీ గుమస్తాకూ మాట కలవనిది ఇక్కడే అనుకుంటాను. ఆడిటర్ లెక్కల పుస్తకం నుంచి మాట్లాడుతున్నాడు, గుమస్తా రసీదు పుస్తకం నుంచి. ఇద్దరూ రైటే.

ఇదే పద్ధతిలో పన్ను ఉన్న సరుకు ఏదైనా కమిషన్ కొట్టుకు వేస్తే మాత్రం జాగ్రత్త. కొట్టువాళ్లు కొన్నవాళ్లకు తమ పేరుతో బిల్లు ఇస్తే, మీరు వాళ్లకు డబ్బు తీసుకోకుండా పంపినా అది జీఎస్టీలో సప్లై కిందికి వస్తుంది. మీ పేరుతోనే బిల్లు ఇస్తే రాదు. దీనిమీద 2018 సెప్టెంబర్‌లో సర్క్యులర్ ఉంది, ఆడిటర్‌కు ఆ మాట గుర్తు చేయండి.

కిరాయి ఎవరు కడితే వాళ్లే కన్సైనరా అన్నారు. కాదు. ఎల్‌ఆర్ మీద పెయిడ్ అని ఉంటే మీరు కట్టారు, టు పే అని ఉంటే పలాసలో దించుకునేటప్పుడు పార్టీ కడుతుంది, టీబీబీ (టు బి బిల్డ్) అంటే తర్వాత బిల్లు మీద. మూడింట్లోనూ కన్సైనర్ మారడు. మారేది పన్ను కట్టే బాధ్యత. ట్రాన్స్‌పోర్ట్ కంపెనీ తన బిల్లులో జీఎస్టీ వేయకపోతే, కిరాయి ఎవరు భరిస్తారో వాళ్లు 5 శాతం రివర్స్ చార్జీలో కట్టాలి. టు పే లోడుకు అది పలాస పార్టీ లెక్క. వ్యవసాయ ఉత్పత్తుల రవాణాకు మినహాయింపు ఉంది. రైతు స్థాయిలో జరిగే పనికి మించి ప్రాసెసింగ్ జరిగితే ఆ మినహాయింపు పోతుంది, కాబట్టి పిక్కకు ఒక జవాబు, పప్పుకు ఒక జవాబు వస్తుంది. ఒక మాట: టు పే లోడుకు పార్టీ సరుకు వద్దని మొండికేస్తే ట్రాన్స్‌పోర్ట్‌వాడు కిరాయి కోసం తిరిగి మీ గుమ్మం ముందే నిలబడతాడు. కన్సైనీకి నోటీసు ఇచ్చి 30 రోజులు దాటినా డెలివరీ తీసుకోకపోతే సరుకును దిక్కులేనిదిగా లెక్కించవచ్చు, పాడైపోయే సరుకుకైతే ఆ గడువు 24 గంటలే, ముందే ఒప్పుకుంటే ఇంకా తక్కువ. అప్పుడు ఫోన్ వచ్చేది కన్సైనర్‌కే, అందుకని ఎల్‌ఆర్ మీద మీ ఫోన్ నంబరు సరిగా పడిందో లేదో చూసుకోండి.

కొత్త పార్టీ, డబ్బు వస్తుందో రాదో నమ్మకం లేదు, అలాంటప్పుడు పాతకాలం వ్యాపారులు చేసే పని ఒకటుంది. కన్సైనర్ గడిలోనూ కన్సైనీ గడిలోనూ తమ పేరే రాయించేవాళ్లు, కన్సైనీ దగ్గర "సెల్ఫ్" అని. ఎల్‌ఆర్ అసలు కాపీ బ్యాంకు ద్వారా పంపేవాళ్లు. పార్టీ బ్యాంకులో డబ్బు కట్టి కాగితం విడిపించుకుంటేనే సరుకు చేతికి వచ్చేది. ఇప్పటికీ ఇది నడుస్తుంది, కాకపోతే బ్యాంకులు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్ జాబితాలో ఉన్న ట్రాన్స్‌పోర్టర్ల ఎల్‌ఆర్‌లనే అడుగుతాయి, మన చిన్న ఆఫీసులు అందులో ఉండకపోవచ్చు. నేరుగా పార్టీ పేరు రాసి పంపేశాక వాళ్లు దివాలా తీశారని తెలిస్తే, డబ్బు ముట్టని అమ్మకందారుకు దారిలో ఉన్న సరుకును ఆపే హక్కు 1930 నాటి సేల్ ఆఫ్ గూడ్స్ చట్టం ఇచ్చింది. సరుకు ఇంకా లారీలో ఉండాలి, అవతలివాడు బాకీలు కట్టలేని స్థితికి వచ్చి ఉండాలి. ఊరికే ధర తగ్గిందనో, మాట తేడా వచ్చిందనో ఆపించడానికి కాదు అది.

షిప్పర్ అన్న మాట ఎక్కడ వాడాలి అని కూడా అడిగారు. మన లారీ కాగితాల్లో అక్కర్లేదు. ఓడలో వెళ్లే సరుకుకు బిల్ ఆఫ్ లేడింగ్ మీద, విమానంలో వెళ్లే సరుకుకు ఎయిర్‌వే బిల్లు మీద కనిపిస్తుంది, అర్థం దగ్గర దగ్గరగా ఇదే. రేపు మీ జీడిపప్పు విశాఖపట్నం పోర్టు నుంచి బయటి దేశానికి వెళ్లినా, మీరు పలాస వరకే పంపితే మీ ఎల్‌ఆర్‌కు మీరు కన్సైనర్, ఓడ కాగితానికి ఎగుమతిదారు షిప్పర్. ఒకే సరుకు, దారిలో కాగితం మారినప్పుడల్లా పంపినవాడు మారతాడు. పోస్టుకు, కొరియర్‌కు పంపినవారు అంటే చాలు.

పట్టుబడితే ఏమవుతుంది అన్న టెన్షన్ మీ ప్రశ్నలో కనిపిస్తోంది. చెక్ గేట్లు జీఎస్టీతో పోయాయి గానీ రోడ్డు మీద స్క్వాడ్‌లు ఉంటాయి. పన్ను ఉన్న సరుకుకు కాగితాలు లేక ఆపితే, ఓనరు ముందుకు వస్తే జరిమానా పన్నుకు 200 శాతం. ఓనరు రాకపోతే సరుకు విలువలో 50 శాతం, లేదా పన్నుకు 200 శాతం, ఏది ఎక్కువైతే అది. జీడిపిక్కల లాంటి 5 శాతం సరుకుకు ఈ రెండు లెక్కల మధ్య ఎంత దూరం ఉందో చూడండి: లక్ష రూపాయల సరుకుకు మొదటి దారిలో 10 వేలు, రెండో దారిలో 50 వేలు. మరి రోడ్డు మీద ఓనరు ఎవరు? 2018 డిసెంబర్ 31 నాటి సర్క్యులర్ చెప్పిందేమిటంటే, సరుకుతో పాటు ఇన్‌వాయిస్ లాంటి నిర్ణీత కాగితం ఉంటే కన్సైనర్‌నో కన్సైనీనో ఓనరుగా భావించాలి. రవాణా చట్టంలో ఓనర్ కానక్కర్లేని కన్సైనర్, స్క్వాడ్ ముందు మాత్రం ఓనర్ అయి నిలబడగలడు. గడిలో పేరు తప్పు పడితే అక్కడికి వచ్చి "నేను" అనేవాడెవరు?

అలాగని అక్షరం తేడా వస్తే గుండెలు బాదుకోనక్కర్లేదు. మన ఊళ్ల పేర్లకు ఒక్కో కాగితంలో ఒక్కో స్పెల్లింగ్. పర్లాకిమిడినే తీసుకోండి, 1936లో ఒడిశా ఏర్పడి ఇటు కలిసినప్పటి నుంచి మనం పలికేది ఒకటి, సర్కారు బోర్డు మీద ఉండేది ఒకటి. 2018 సెప్టెంబర్ 14 నాటి సర్క్యులర్‌లో ఈ చిన్న తప్పుల జాబితా ఉంది. జీఎస్టీ నంబరు సరిగా ఉండి కన్సైనర్, కన్సైనీ పేర్లలో స్పెల్లింగ్ తేడా ఉంటే, లారీ నంబరులోనో ఇన్‌వాయిస్ నంబరులోనో ఒకటి రెండు అంకెలు తప్పితే, పెద్ద జరిమానా వేయకూడదు. సీజీఎస్టీ 500, ఎస్‌జీఎస్టీ 500, అదే ఐజీఎస్టీ అయితే 1000, అక్కడితో సరి. ఆ సర్క్యులర్ ప్రింటు ఒకటి డ్రైవరు ఫైల్లో పెట్టించండి, నేనైతే మా వ్యాపారులందరికీ అదే చేస్తాను. తప్పు ముందే కనిపిస్తే ఈ-వే బిల్లు చేసిన 24 గంటల్లోపు రద్దు చేసి కొత్తది చేసుకోవచ్చు, దారిలో ఎక్కడా తనిఖీ జరగకపోతే. గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు, మీకు పలాస దాకా ఒక్క రోజు సరిపోతుంది, లారీ టెక్కలిలో రిపేరుకు ఆగిపోతే మాత్రం పొడిగించడం మర్చిపోకండి.

చివరిగా, సరుకు తడిసినా తగ్గినా ఏం చేయాలన్నారు. డెలివరీ కాపీ మీద పలాస పార్టీతో లోటు రాయించుకోండి. "బాగానే ముట్టింది" అని సంతకం పెట్టాక తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదు. ఫొటోలు లారీ మీద ఉండగానే తీయించండి, నంబరు ప్లేటు కనిపించేలా. తర్వాత క్యారియర్‌కు రాతపూర్వకంగా నోటీసు. దావా వేయాలంటే అది తప్పనిసరి, బుకింగ్ చేసిన తేదీ నుంచి 180 రోజుల్లో వాళ్లకు అందాలి. గమనించండి, డెలివరీ తేదీ నుంచి కాదు, బుకింగ్ నుంచి. ఫోన్‌లో "చూద్దాం లెండి, సీజను అయ్యాక సర్దుకుందాం" అంటూ నెలలు గడిపేస్తారు, అప్పటికి గడువు అయిపోతుంది. రైలులో పంపిన సరుకుకైతే క్లెయిమ్ నోటీసుకు 6 నెలల గడువు. నోటీసులో ఎల్‌ఆర్ నంబరు, తేదీ, లారీ నంబరు, ఎక్కించిన బరువు, దించిన బరువు, నష్టం రూపాయల్లో, కన్సైనర్‌గా మీ పేరు రాయండి. మొత్తం ఒక పేజీ చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, ట్రాకింగ్ కాగితం దాచండి. కాపీ ఇన్సూరెన్స్‌వాళ్లకు ఇవ్వండి, క్యారియర్ మీద క్లెయిమ్ పెట్టారా అన్నదే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న.